ఆ రన్‌వే అమ్మకానికి లేదు!

టికెట్‌ కౌంటర్లు లేవు, తనిఖీ వరసలు లేవు, ఆఖరికి కంట్రోల్‌ టవరు కూడా లేదు. తారు పోసిన చిన్న రన్‌వే ఒకటి, గడ్డి రన్‌వే ఒకటి, గాలికి కొట్టుకుపోకుండా తాళ్లతో కట్టేసిన బుల్లి విమానాలు... అంతే. అమెరికాలోని న్యూజెర్సీలో ఒక కుటుంబం సొంత భూమిలో నడుపుతున్న సోల్‌బర్గ్‌ విమానాశ్రయమిది. ‘ప్రజా ప్రయోజనం’ పేరుతో ఆ నేలను తీసుకోవాలని స్థానిక పాలకులు ఏళ్ల తరబడి కోర్టులో పోరాడారు. చివరికి గెలిచింది గడ్డి రన్‌వేనే!

ఎడిసన్‌ వైపు ఉండే తెలుగువాళ్లకు హ్యాడ్లీ సెంటర్‌ తెలిసే ఉంటుంది. సౌత్‌ ప్లెయిన్‌ఫీల్డ్‌లో వరసగా దుకాణాలు, ముందు విశాలమైన కార్ల పార్కింగ్‌. ఇప్పుడు కార్లు ఆగే ఆ ప్రాంతంలో ఒకప్పుడు విమానాలు ఆగేవి. 1924 జులైలో అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకు రాత్రీపగలూ ఆగకుండా ఉత్తరాలు మోసే విమాన టపా మొదలైన కొన్నాళ్లకు, తూర్పున దాని మజిలీ హ్యాడ్లీ ఫీల్డే అయింది. దారి పొడవునా నేలమీద వెలిగించిన దీపస్తంభాలను చూసుకుంటూ చీకట్లో ఎగిరిన తొలితరం పైలట్లు దిగింది అక్కడే. 1960ల చివరికి ఆ ముచ్చట ముగిసింది. అదే రాష్ట్రంలో మార్ల్‌బరో విమానాశ్రయం 2000ల మొదట్లో మూతపడింది. ఎకరం ధర ఆకాశంలో ఉన్నచోట రన్‌వే నేలమీద నిలవడం కష్టం. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. చుట్టూ కాలనీలు లేచాక విమానాశ్రయాన్ని ఎవరూ మళ్లీ కట్టనివ్వరు.

ఎడిసన్‌ నుంచి పడమరకు వెళ్తే ఊళ్లు పలచబడతాయి. మొక్కజొన్న చేలు, గుర్రాల కొట్టాలు, చెక్క కంచెలు మొదలవుతాయి. హంటర్‌డన్‌ కౌంటీలోని రెడింగ్‌టన్‌ టౌన్‌షిప్‌ అది. అక్కడే ఉంది సోల్‌బర్గ్‌ విమానాశ్రయం. మొత్తం 726 ఎకరాలు. అందులో విమానాల పనికి వాడేది వంద ఎకరాల పైచిలుకు మాత్రమే. మిగిలినదంతా పచ్చిక, పొలం, అడవి, చిత్తడి నేల. తారు పోసిన రన్‌వే పొడవు 3 వేల అడుగులు, వెడల్పు 50 అడుగులు. మన శంషాబాద్‌ రన్‌వే పొడవు 14 వేల అడుగులకు కాస్త తక్కువ. అంటే దాంట్లో పావు వంతు కూడా కాదు. బోయింగులూ ఎయిర్‌బస్సులూ ఇటు తొంగి కూడా చూడవు. నలుగురు కూర్చునే సెస్నాలకు మాత్రం ఇది రాజమార్గం.

ఎయిర్‌లైన్సు, సైన్యం కాక మిగతా ఎగిరేదంతా అమెరికాలో ‘జనరల్‌ ఏవియేషన్‌’ కిందికి వస్తుంది. శిక్షణ విమానాలు, సొంత విమానాలు, పంటలకు మందు చల్లేవి, రోగుల్ని మోసేవి, వ్యాపారుల జెట్లు... అన్నీ. ఆ దేశంలో అందరికీ తెరిచి ఉండే విమానాశ్రయాలు సుమారు 5 వేలు. టికెట్‌ కొని ఎక్కే విమానాలు వచ్చేది వాటిలో 500 చోట్లకే. మిగతావన్నీ మన కంటికి కనపడని చిన్నవి. వీటిలో కొన్ని కౌంటీలవి, కొన్ని నగరాలవి. సోల్‌బర్గ్‌ లాంటివి పూర్తిగా ప్రైవేటు సొత్తు. యజమాని తలచుకుంటే రేపే గేటుకు తాళం వేసి స్థలాన్ని బిల్డరుకు రాసివ్వొచ్చు. అయినా ఇవ్వలేదు. ఈ కథంతా అదే!

నీలిరంగు పెట్రోలు

ఇలాంటి విమానాశ్రయంలో పొద్దున పూట నిలబడితే మొదట కనిపించేది హడావుడి కాదు, తీరుబడి. ఒకాయన విమానం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు తిరుగుతుంటాడు. రెక్క అంచును వేళ్లతో తడుముతాడు, టైరును కాలితో తట్టి చూస్తాడు, ప్రొపెల్లర్‌ మీద గాట్లున్నాయేమోనని అరచేత్తో రాస్తాడు. తర్వాత జేబులోంచి ఒక సన్నటి ప్లాస్టిక్‌ గొట్టం తీస్తాడు. దాని మూతి మధ్యలో పుల్లలాంటి ములుకుంటుంది. రెక్క కింద వంగి, ట్యాంకు అడుగునున్న చిన్న కవాటంలోకి ఆ ములుకును పొడిస్తే పెట్రోలు గొట్టంలోకి దిగుతుంది. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూస్తాడు. లేత నీలం రంగులో ఉండాలి. అడుగున రంగులేని బొట్టు కదిలిందంటే నీళ్లు చేరినట్టు. మళ్లీ వంపాలి, మళ్లీ చూడాలి. గడ్డిరంగులో ఉండి కిరసనాయిలు వాసన కొడితే ఎవరో జెట్‌ ఇంధనం పోసినట్టు. అప్పుడిక ఎగరడం కాదు, మెకానిక్‌ను పిలవడమే. ఇంధనంలో చేరిన నీరు ఇంజిన్‌ను ఆపేయగలదు కాబట్టి, ముప్పై ఏళ్లుగా ఎగురుతున్నవాళ్లు కూడా ఈ తంతు మానరు.

టవరు లేదంటే ఎవరిష్టం వాళ్లదని కాదు. పైలట్లందరూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉండి, ఎక్కడున్నారో ఏం చేయబోతున్నారో చెప్పుకొంటూ ఉంటారు. మాట ‘సోల్‌బర్గ్‌ ట్రాఫిక్‌’ అని మొదలవుతుంది, మళ్లీ ‘సోల్‌బర్గ్‌’ అనే ముగుస్తుంది. అదే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల ఇంకో రెండు మూడు చిన్న విమానాశ్రయాలు కూడా వాడుకుంటాయి కాబట్టి ఎవరు ఎక్కడి సంగతి చెబుతున్నారో తికమక పడకూడదని పేరు రెండుసార్లు. గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి కర్రకు కట్టిన నారింజరంగు గుడ్డసంచి. ఎదురుగాలికి దిగాలి, ఎదురుగాలికే లేవాలి. చుట్టూ ఎడమవైపు మలుపులతో దీర్ఘచతురస్రంలా తిరిగి రావాలి. రాసుకున్న పద్ధతులు ఇవే. వాటిని పాటించేలా చూసే పోలీసు ఎవరూ ఉండరు. మన కూడళ్లను తలచుకుంటే కాస్త అసూయగానే ఉంటుంది.

నేర్చుకునేవాళ్లకు ఇదే బడి. అమెరికాలో ప్రైవేటు పైలట్‌ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. చాలామందికి అరవై, డెబ్బై గంటలు దాటుతుంది. వయసు పదిహేడు నిండాలి. కానీ ఒంటరిగా విమానం ఎగరేయడానికి పదహారు చాలు. తమాషా ఏమిటంటే, న్యూజెర్సీలో పక్కన పెద్దవాళ్లు లేకుండా కారు నడపాలంటే పదిహేడు నిండాల్సిందే. కొడుకు ఒంటరిగా విమానం తిప్పి దిగి వచ్చాక, నాన్న కారులో ఇంటికి తీసుకెళ్లాలన్నమాట! మొదటిసారి ఒక్కరే ఎగిరి వచ్చిన విద్యార్థి చొక్కా వెనక భాగాన్ని గురువు కత్తెరతో కోసి, దానిమీద పేరూ తేదీ రాసి గోడకు తగిలించడం చాలా చోట్ల ఆనవాయితీ. పాత రోజుల్లో ముందు సీట్లో శిష్యుడు, వెనక సీట్లో గురువు. ఇంజిన్‌ మోతలో మాట వినపడదు, చొక్కా పట్టి లాగితేనే పాఠం. ఒంటరిగా ఎగిరినవాడికి ఇక లాగే అవసరం లేదు కాబట్టి ఆ కత్తిరింపు.

వైకింగుల దారిలో

ఈ నేలను విమానాశ్రయం చేసిన థోర్‌ సోల్‌బర్గ్‌ 1893లో నార్వేలోని ఫ్లోరోలో పుట్టాడు. అమెరికా వచ్చి బ్రూక్లిన్‌లో స్థిరపడ్డాడు. వైకింగు నావికుడు లీవ్‌ ఎరిక్సన్‌ వెయ్యేళ్ల కిందట అమెరికాకు వచ్చిన సముద్రపు దారిలోనే తాను గాల్లో వెనక్కి వెళ్లాలన్నది అతని పట్టుదల. 1932లో చేసిన మొదటి ప్రయత్నం న్యూఫౌండ్లాండ్‌లోనే విరిగింది. విమానం పోయింది, ప్రాణాలు దక్కాయి. ఆర్థికమాంద్యం రోజులవి. మరొకరైతే ఆ పూటకు అదే చాలనుకునేవారు. ఇతను మూడేళ్లు ఆగి, నేలమీదా నీళ్లమీదా దిగగల పాత లోనింగ్‌ విమానాన్ని సంపాదించాడు. దానికి ‘లీవ్‌ ఎరిక్సన్‌’ అనే పేరు పెట్టాడు. రేడియో చూసుకోవడానికి పాల్‌ ఆస్కన్యన్‌ను వెంట తీసుకున్నాడు. 1935 జులై 18న బ్రూక్లిన్‌ నుంచి బయల్దేరి లాబ్రడార్‌, గ్రీన్‌లాండ్‌, ఐస్‌లాండ్‌, ఫారో దీవుల మీదుగా మజిలీలు చేసుకుంటూ ఆగస్టు 16న నార్వేలోని బెర్గెన్‌లో దిగాడు. నాలుగు వారాల ప్రయాణం. లిండ్‌బర్గ్‌ అట్లాంటిక్‌ను ఒక్క ఊపులో దాటేసిన ఎనిమిదేళ్లకు ఇలా ఆగి ఆగి వెళ్లడం పెద్ద ఘనతా అని ఎవరైనా అడగొచ్చు. మంచుగడ్డలు తేలే ఫియర్డుల్లో, వాతావరణ సమాచారం అంతంత మాత్రమైన రోజుల్లో, దొరికిన నీటిమీద దిగుతూ వెళ్లడం ఒక్క దూకుకు ఏమీ తీసిపోదు. ఆ విమానం ఇప్పటికీ నార్వేలో మ్యూజియంలో ఉంది.

తిరిగొచ్చాక న్యూజెర్సీ పొలాల మధ్య భూమి కొని, 1940 దశకం మొదట్లో విమానాశ్రయాన్ని నిలబెట్టాడు. 1967లో ఆయన పోయాక అది పిల్లల చేతికి వచ్చింది. సోల్‌బర్గ్‌ పేరు రన్‌వేతోనే ఆగలేదు. విమానాలకు దారి చూపే రేడియో కేంద్రం ఒకటి ఆ దగ్గర్లోనే ఉంది. దాని పేరూ సోల్‌బర్గే. న్యూయార్క్‌ పరిసరాల మ్యాపులు తెరిచిన ఏ పైలట్‌కైనా ‘ఎస్‌బీజే’ అనే మూడక్షరాలు పరిచయమే.

ఎవరి ప్రయోజనం?

గొడవ మొదలైంది రన్‌వే పొడవు దగ్గర. 1990ల్లో సోల్‌బర్గ్‌ కుటుంబం దాన్ని దాదాపు 5 వేల అడుగులకు పెంచాలనుకుంది. అంత పొడవుంటే చిన్న జెట్లు దిగొచ్చు. రెడింగ్‌టన్‌ గుండెల్లో రాయి పడింది. కారణం లేకపోలేదు. అదే రాష్ట్రంలో టెటర్‌బరో ఉంది. మన్‌హట్టన్‌కు వచ్చే కోటీశ్వరుల జెట్లు ఎక్కువగా దిగేది అక్కడే. ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఉండేవాళ్లకు రాత్రింబవళ్లు ఆ మోతే. పల్లె ప్రశాంతత కోసం ఎక్కువ ధర పెట్టి ఇల్లు కొనుక్కున్నవాళ్లు, రేపు మనదీ టెటర్‌బరో అవుతుందేమో అనుకుంటే తప్పుపట్టలేం. చిన్న విమానాల పెట్రోల్లో సీసం ఉంటుందన్నది మరో ఫిర్యాదు. అదీ నిజమే. ఆ నీలిరంగు ఇంధనం ఇప్పటికీ సీసం కలిసినదే. దాని పొగ జనారోగ్యానికి ముప్పని అమెరికా పర్యావరణ సంస్థ 2023లో అధికారికంగా తేల్చింది. 2030 నాటికి దాన్ని వదిలించుకోవాలన్నది అక్కడి లక్ష్యం.

భయం న్యాయమైనదే. ఎంచుకున్న దారే కాదు. 2006 మేలో 2 కోట్ల 20 లక్షల డాలర్ల బాండ్లకు టౌన్‌షిప్‌ ఓటర్ల ఆమోదం తీసుకుంది. ఆ జులైలోనే భూసేకరణ అధికారాన్ని ప్రయోగిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. విమానాశ్రయం చుట్టూ ఉన్న 624 ఎకరాలను పూర్తిగా తీసుకోవడం, విమానాలు వాడే 102 ఎకరాల మీద అభివృద్ధి హక్కులను లాక్కోవడం దాని సారాంశం. కారణం అడిగితే, ఖాళీ స్థలాలనూ పచ్చదనాన్నీ కాపాడటానికి అన్నారు. అరవై ఏళ్లుగా పచ్చగానే ఉన్న నేలను పచ్చగా ఉంచడం కోసం దాని యజమాని నుంచే లాక్కోవడమన్నమాట! భూసేకరణ నోటీసుల్లో ‘ప్రజా ప్రయోజనం’ అన్న మాటను చదివీ చదివీ అలవాటుపడ్డ మన తెలుగు రైతులకు ఇందులో వింతేమీ కనిపించదు.

కుటుంబం కోర్టుకెక్కింది. 2009లో అప్పీలు కోర్టు, ఈ సేకరణ వెనక అసలు ఉద్దేశం ఏమిటో పూర్తిగా విచారించి తేల్చమని కేసును కిందికి పంపింది. చాలాకాలం నడిచిన విచారణ తర్వాత 2015 మేలో జడ్జి పాల్‌ ఆర్మ్‌స్ట్రాంగ్‌ తీర్పిచ్చారు. 1970ల్లో కోమాలో ఉన్న కేరెన్‌ క్విన్లన్‌ తల్లిదండ్రుల తరఫున వాదించి, గౌరవంగా మరణించే హక్కు మీద అమెరికా అంతటా చర్చ లేవదీసిన లాయరు ఈయనే. పచ్చదనం మాట పైపూత అనీ, అసలు ఉద్దేశం విమానాశ్రయం మీద పెత్తనమనీ, ఇది భూసేకరణ అధికారాన్ని దుర్వినియోగం చేయడమేననీ ఆయన తేల్చేశారు. తర్వాత అప్పీళ్లలోనూ ఆ తీర్పే నిలిచింది. ఓడిన టౌన్‌షిప్‌ తన లాయర్ల ఫీజులతో పాటు గెలిచినవాళ్ల ఖర్చులనూ భరించాల్సి వచ్చింది. అంటే పన్ను కట్టిన జనమే.

నన్నడిగితే, ఆ డబ్బులో కొంత మొదట్లోనే రన్‌వే పొడవు మీదా రాకపోకల వేళల మీదా ఒప్పందం రాసుకోవడానికి వాడి ఉంటే అందరికీ సుఖంగా ఉండేది. ఎదుటివాడి భూమిని కొనడానికి డబ్బుందని తెలిశాక పాలకులకు మాట్లాడే ఓపిక తగ్గుతుంది. ఇది ఒక్క న్యూజెర్సీ జబ్బు కాదు.

టౌన్‌షిప్‌ కదిలించలేని విమానాశ్రయాన్ని ఒక గోల్ఫ్‌ మైదానం మాత్రం అప్పుడప్పుడూ మూయించగలిగింది! డొనాల్డ్‌ ట్రంప్‌ గోల్ఫ్‌ క్లబ్బున్న బెడ్‌మిన్‌స్టర్‌ ఇక్కడికి దగ్గరే. అధ్యక్షుడు అక్కడ బస చేసినప్పుడల్లా చుట్టూ 10 నాటికల్‌ మైళ్ల లోపల చిన్న విమానాలేవీ లేవకూడదు. సోల్‌బర్గ్‌, పక్కనున్న సోమర్‌సెట్‌ రెండూ ఆ గీత లోపలివే. 2017 నుంచీ వేసవి వారాంతాలు, అంటే ఏడాదిలో నాలుగు డాలర్లు వచ్చే రోజులు, ఇలా తుడిచిపెట్టుకుపోతుంటే శిక్షణ స్కూళ్లు గోలపెట్టాయి. చిన్న విమానాశ్రయాలకు కొంత నష్టపరిహారం ఇవ్వడానికి కేంద్రం తర్వాత ఒప్పుకుంది.

లెక్క ఎలా కుదురుతుంది?

కుదరదనే చెప్పాలి. పెట్రోలు అమ్మకం మీద మిగిలేది కొంత, హ్యాంగర్ల అద్దెలు, ఆరుబయట విమానం కట్టేసుకున్నందుకు నెలసరి, మరమ్మతు షెడ్డు, శిక్షణ స్కూలు. అమెరికాలోకెల్లా ఆస్తిపన్ను ఎక్కువున్న రాష్ట్రాల్లో న్యూజెర్సీ ముందు వరసలో ఉంటుంది. రన్‌వేకు కొత్త తారు పోయాలంటే లక్షల డాలర్లు. ప్రభుత్వాల చేతిలో ఉన్న విమానాశ్రయాలకు కేంద్ర నిధులొస్తాయి. ప్రైవేటువాటికి, పెద్ద విమానాశ్రయాల రద్దీ తగ్గించే ‘రిలీవర్‌’ గుర్తింపు ఉంటే తప్ప సాధారణంగా అవి దక్కవు. దక్కినా మెలిక ఉంటుంది. ఆ డబ్బు ముట్టుకుంటే ఏళ్ల తరబడి దాన్ని విమానాశ్రయంగానే నడపాలి, నడుమలో మూసి అమ్ముకోకూడదు. అందుకే ఇలాంటివి నడిపేవాళ్లలో వ్యాపారం కోసం నడిపేవాళ్లు తక్కువ, మొండితనంతో నడిపేవాళ్లు ఎక్కువ.

మరి ప్రభుత్వం చేతిలో ఉంటే భద్రమా? షికాగో వాసుల్ని అడగాలి. సరస్సు ఒడ్డున ఒకప్పుడున్న మీగ్స్‌ ఫీల్డ్‌ నగరం చేతిలోని విమానాశ్రయం. 2003 మార్చి 30 రాత్రి మేయర్‌ రిచర్డ్‌ డేలీ ఆజ్ఞ మీద బుల్డోజర్లు వచ్చి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశాయి. తెల్లారేసరికి పదహారు విమానాలు దిక్కులేక అక్కడే చిక్కుకుపోయి ఉన్నాయి. నగరానికి పడిన జరిమానా 33 వేల డాలర్లు. కేంద్ర నిధుల్ని దారి మళ్లించినందుకు తిరిగి కట్టింది 10 లక్షల డాలర్లు. ఒక విమానాశ్రయాన్ని రాత్రికి రాత్రి చెరిపేయడానికి ఇది చవకబేరమే. కాలిఫోర్నియాలో సాంటా మోనికా నగరం కూడా 2028 చివరి తర్వాత తన విమానాశ్రయాన్ని మూసేయడానికి కేంద్రం దగ్గర ఒప్పందం తెచ్చుకుంది.

మన వైపు చూస్తే ఈ తరహా ఆస్తి అరుదు. పుట్టపర్తి విమానాశ్రయం 1990 నవంబరులో తెరుచుకుంది. అది సత్యసాయి సెంట్రల్‌ ట్రస్టుది. రన్‌వే రెండు కిలోమీటర్ల పైమాటే. రాష్ట్రపతులు, ప్రధానులు దిగిన చోటు. కానీ ఆదివారం ఉదయం ఓ డాక్టరుగారో లెక్కల మాస్టారో సొంత విమానం తీసుకుని పక్క జిల్లాకు టిఫినుకు వెళ్లొచ్చే చోటు కాదు. మన దేశంలో ఎగరాలంటే సాధారణంగా ముందే ఫ్లైట్‌ ప్లాన్‌ ఇవ్వాలి, వాయుసేన అనుమతి సంఖ్య తీసుకోవాలి. పిస్టన్‌ ఇంజిన్లకు కావలసిన పెట్రోలు అన్నిచోట్లా దొరకదు. అమెరికాలో వాతావరణం బాగుంటే ఫ్లైట్‌ ప్లాన్‌ కూడా లేకుండా బయల్దేరొచ్చు. అక్కడి పైలట్ల వాడుకలో ‘వంద డాలర్ల బర్గర్‌’ అని ఒక మాటుంది. పక్క విమానాశ్రయం క్యాంటీన్లో పది డాలర్ల బర్గర్‌ తినడానికి తొంభై డాలర్ల పెట్రోలు తగలేయడం. పెట్రోలు ధర పెరిగి ఆ లెక్క ఎప్పుడో తప్పింది కానీ, మాట మిగిలింది. కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సు కోసం హైదరాబాద్‌, విజయవాడల నుంచి అమెరికా వెళ్లే పిల్లలు చాలావరకు గంటలు పోగేసుకునేది ఇలాంటి చిన్న రన్‌వేల మీదే. రేపు మనల్ని దిల్లీకో దుబాయ్‌కో తీసుకెళ్లే కెప్టెన్‌ ఓనమాలు దిద్దింది ఏ మొక్కజొన్న చేల మధ్యో అయ్యుండొచ్చు.

వేసవిలో ఏటా కొద్దిరోజులు సోల్‌బర్గ్‌ రూపం మారిపోతుంది. ఇక్కడ జరిగే బెలూన్ల పండక్కి దాదాపు వంద వేడిగాలి బెలూన్లు వస్తాయి. గాలి నెమ్మదించే తెల్లవారుజామునా సాయంత్రమూ ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే వేలాదిమంది పచ్చికలో దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. టౌన్‌షిప్‌ కేసు నడుస్తున్న ఏళ్లలోనూ ఈ పండగ జరిగింది. విమానాశ్రయం మోత భరించలేమన్నవాళ్లలో కొందరైనా పిల్లల్ని తీసుకుని వచ్చే ఉంటారు!

న్యూజెర్సీలో ఉన్నవాళ్లు, వేసవికి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు బ్రిడ్జ్‌వాటర్‌ వేంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ వెళ్తారు. అక్కడి నుంచి సోల్‌బర్గ్‌ కారులో అరగంట లోపే. ఆఫీసులో అడిగితే ఎక్కడ నిలబడి చూడొచ్చో చెబుతారు. విమానాలున్న వైపు అడగకుండా వెళ్లకండి. ప్రొపెల్లర్‌ ఆగి ఉన్నా దాని దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. ఇంట్లో పదహారేళ్ల పిల్లలుంటే, ముందు పెద్ద ప్యాకేజీలకు డబ్బు కట్టకుండా ‘డిస్కవరీ ఫ్లైట్‌’ ఒకటి అడగండి. చిన్న విమానాశ్రయాల్లోని చాలా శిక్షణ స్కూళ్లు దాన్ని తక్కువ ఖర్చుతో ఇస్తాయి. పక్కన గురువు ఉంటాడు, కంట్రోలు పిల్లల చేతికిస్తాడు. ఇష్టం ఉందో లేదో ఆ అరగంటలోనే తేలిపోతుంది.